ముందు ఎత్తు అడగండి

విశాఖపట్నంలో ఏ అపార్ట్‌మెంటు సంఘం మీటింగుకు వెళ్లినా పై అంతస్తు వాళ్ల గోడు ఒకటే. షవరు తిప్పితే చినుకులు. వాషింగ్ మెషిన్ నిండడానికి అరగంట. గీజరు నుంచి వేడినీళ్లు బొట్లు బొట్లుగా. ప్లంబరు వస్తాడు.

"ఏటి బాబూ, అయిదు వేల లీటర్ల ట్యాంకు కట్టించాం. షవర్లో ఈ చినుకులేటి?"

"ట్యాంకు పెద్దదేనండి. కానీ మీ నెత్తి మీదే కూర్చుంది గదండి."

ఆయన సరిగ్గానే చెప్పాడు. అయినా ఆయన్ని పంపించేసి, మర్నాడు పదివేల లీటర్ల ట్యాంకుకు కొటేషన్ తెప్పించే సంఘాలున్నాయి. ట్యాంకులో ఎన్ని నీళ్లున్నాయో ఒత్తిడికి పట్టదు. కొళాయికి ఎంత పైన ఉన్నాయన్నదే దానికి లెక్క.

ఈ లెక్క నోటితో చేసేయొచ్చు. లోపలి అడుగు ఒక చదరపు సెంటీమీటరు ఉన్న గొట్టాన్ని పది మీటర్లు నిలబెట్టి నీళ్లు పోస్తే సరిగ్గా లీటరు పడుతుంది. లీటరు నీళ్లు కిలో బరువు. ఆ కిలోను భూమి కిందికి లాగుతుంటుంది కాబట్టి గొట్టం అడుగున చదరపు సెంటీమీటరుకు కిలో ఒత్తిడి. ప్లంబర్లు 'కేజీ ప్రెషర్' అనేది దీన్నే. గొట్టం బదులు పది మీటర్ల లోతున్న చెరువైనా అడుగున అదే కిలో. పది మీటర్లకు కిలో, మీటరుకు వంద గ్రాములు. ఈ అధ్యాయంలో కంఠస్థం చేయాల్సింది ఇంతే.

ఇప్పుడు అయిదంతస్తుల భవనాన్ని కొలుద్దాం. అంతస్తుకు మూడు మీటర్ల లెక్కన టెర్రస్ పదిహేను మీటర్లు. ట్యాంకు స్లాబు మీదే ఉంది. కింది అంతస్తులో నేలకు మీటరు ఎత్తున ఉన్న కొళాయి ట్యాంకు అడుగుకు పద్నాలుగు మీటర్లు కింద ఉంటుంది, అంటే కిలోన్నరకు కాస్త తక్కువ. అయిదో అంతస్తులో షవరు నేలకు రెండు మీటర్ల పైన ఉంటుంది కాబట్టి ట్యాంకు అడుగుకు మీటరే తేడా. వంద గ్రాములు. ట్యాంకులో ఉన్న నీళ్ల లోతు కలిపినా రెండు వందలు దాటడం కష్టం. చాలా వాషింగ్ మెషిన్ల పుస్తకాల్లో కనీసం మూడు నుంచి అయిదు వందల గ్రాములకు సమానమైన ఒత్తిడి కావాలని రాసి ఉంటుంది. మెషిన్ పాడైందని మెకానిక్‌ను పిలిచే ముందు ఆ పేజీ చదవండి.

వ్యక్తిత్వ వికాస పుస్తకాలకు నీళ్లంటే మోజు. నీళ్లను చూసి వినయం నేర్చుకో, ఒదిగి ఉండడం నేర్చుకో అంటాయి. నాకు ఆ ధోరణి పడదు. నీళ్లు ఒదగవు, బరువున్నంత మేర తోస్తాయి. ఇక్కడ నేర్చుకోవాల్సిన అలవాటు వేరు. డబ్బు ఖర్చు పెట్టే ముందు సరైన అంకె ఏదో కనుక్కోవడం, టేపు తీసి కొలవడం.

ఎత్తు చాలదని తేలాక చాలామంది ట్యాంకును దిమ్మె మీదికి ఎక్కిస్తారు. మంచిదే. కానీ నీళ్లు బయటికి దూకే వేగం ఎత్తుతో సమానంగా పెరగదు. ధార రెట్టింపు కావాలంటే ఎత్తు నాలుగింతలు కావాలి. మీటరున్నర ఎత్తు తేడాను మూడున్నర చేస్తే ధార ఒకటిన్నర రెట్లు అవుతుంది, అంతే. పైపు సంగతి దీనికి భిన్నం. పొడవైన అరంగుళం లైను తీసి ముప్పావు అంగుళం వేస్తే, అదే ఎత్తు మీద రెండున్నర రెట్ల పైచిలుకు నీళ్లు వస్తాయి. పైపు గోడల రాపిడి సన్న పైపుల్లో అంతగా తినేస్తుంది. ప్రతి ఎల్బో, సగం తెరిచిన ప్రతి గేట్ వాల్వు, లోపల పేరుకున్న ప్రతి పొర తమ వాటా తీసుకుంటాయి.

రోగం ఎత్తులో ఉందా పైపులో ఉందా తెలుసుకోవడానికి ఒక చిన్న ప్రెషర్ గేజ్ చాలు. హార్డ్‌వేర్ కొట్లో దొరుకుతుంది, పెద్ద ఖరీదు కాదు. దాన్ని ఒక కొళాయికి బిగించి ఇంట్లో కొళాయిలన్నీ కట్టేయండి. ముల్లు ఎక్కడుందో చూడండి. నీళ్లు కదలనప్పుడు పైపు సన్నమైనా లావైనా ఒకటే, ఆ అంకె కేవలం ఎత్తు చెబుతుంది. తర్వాత పక్క కొళాయి పూర్తిగా తిప్పండి. ముల్లు ఒక్కసారిగా పడిపోతే పైపు మూసుకుపోతోందని అర్థం. మొదటి అంకే తక్కువగా ఉంటే పైపులు మార్చి లాభం లేదు, ట్యాంకు పైకి లేపాలి లేదా ప్రెషర్ పంపు పెట్టాలి.

నీటి మట్టాన్ని మనకంటే బాగా ఎరిగిన మనిషి తాపీ మేస్త్రి. ఆయన సంచిలో చుట్ట చుట్టిన పారదర్శకమైన సన్న పైపు ఉంటుంది. పునాది నుంచి ఫ్లోరింగ్ దాకా దానితోనే మట్టాలు. పైపులో నీళ్లు నింపి ఒక కొస ఈ స్తంభానికి ఆనిస్తాడు, రెండో కొస కుర్రాడు పట్టుకుని మూల గదిలోని స్తంభం దగ్గరికి వెళ్తాడు. మధ్యలో పైపు ఎన్ని వంకరలు తిరిగినా, కింద గోతిలోకి దిగి లేచినా, రెండు కొసల్లో నీళ్లు ఒకే మట్టంలో ఆగుతాయి. మేస్త్రి ఒక్కదానికే జాగ్రత్తపడతాడు. పైపు మొత్తం వేలితో టకటకా కొట్టుకుంటూ వెళ్లి గాలి బుడగలు వెళ్లగొడతాడు. బుడగ ఉన్నచోట నీళ్లు లేవు, నీళ్లు లేనిచోట బరువు లేదు, అందుకే ఒక కొస తప్పుడు మట్టం చూపిస్తుంది. ఇంట్లో 'ఎయిర్ లాక్' కూడా ఇదే. ట్యాంకు కడిగి మళ్లీ నింపాక ఒక్క బాత్‌రూంలోనే నీళ్లు రాకపోతే, ఆ లైనులో మెలిక తిరిగిన చోట గాలి చిక్కుకుంది. ట్యాంకు నుంచి దిగే పైపుకు పైకి తెరిచిన గాలి గొట్టం పెట్టించుకుంటే ఆ బాధ తప్పుతుంది.

మేస్త్రి పైపులో జరిగేదే ఊరంతటా జరుగుతుంది. విశాఖ కొండల మధ్య పెరిగిన ఊరు. కొండవాలుల్లో మెట్లు మెట్లుగా ఇళ్లు లేచాయి. కార్పొరేషన్ రిజర్వాయరు ఏ మట్టంలో ఉందో అంతకు మించి నీళ్లు వాటంతట అవి ఎక్కవు. ఆ మట్టానికి దగ్గరగా ఉన్న ఇళ్లకు వచ్చేది కూడా దిగువ వీధులు తమ కొళాయిలు కట్టేశాకే, ఎందుకంటే కింద ధార తెరిచి ఉంటే పైపులో ఒత్తిడి అక్కడే అయిపోతుంది. ఒకే లైను మీద కింది వీధిలో సంపులు పొర్లుతుంటే పై వరసలో ఆడవాళ్లు బిందెలతో మెట్లు దిగుతారు. దీన్ని పంపిణీలో పక్షపాతమనుకుని తగాదాలు పడతారు. ఎత్తుల వారీగా వేర్వేరు లైన్లు, వేర్వేరు వేళలు అడిగితే ఆ అర్జీకి బలం ఉంటుంది. కొండవాలులో స్థలం కొనేవాళ్లు దస్తావేజులతో పాటు రిజర్వాయరు మట్టం కూడా వాకబు చేయాలి.

మోటార్ల దగ్గరికి వద్దాం. ఇక్కడ రెండు అపోహలు జేబుకు చిల్లు పెడుతున్నాయి.

మొదటిది, మోటారు నీళ్లను పీలుస్తుందన్నది. నీళ్లను ఎవరూ పైకి లాగలేరు. మోటారు పైపులోంచి గాలిని తీసేస్తుంది, అప్పుడు బావి నీళ్ల మీద ఉన్న వాతావరణం వాటిని పైపులోకి నెడుతుంది. వాతావరణం బలం కూడా చదరపు సెంటీమీటరుకు సుమారు కిలోనే. అందుకని ఎంత ఖరీదైన మామూలు మోటారైనా, గట్టు మీద కూర్చుని పది మీటర్ల చిల్లర లోతుకు మించి నీళ్లు తేలేదు. రాపిడి, లీకులు పోను ఏడు మీటర్లే నమ్మకం. సుమారు 900 మీటర్ల ఎత్తున్న అరకులో గాలి పలచన కాబట్టి అందులోనూ పదో వంతు కోత. వేసవిలో బావి మట్టం ఏడు మీటర్ల కిందికి దిగితే మోటారు గర్రుమంటుంది, నీళ్లు రావు. రీవైండింగ్‌కు ఇచ్చే ముందు బావిలోకి తాడు వదిలి కొలవండి. మోటారును కిందికి దింపడమో, అడుగు నుంచి పైకి తోసే సబ్‌మెర్సిబుల్ పెట్టడమో చేయాలి.

రెండోది హెచ్‌పీ మోజు. పంపు మీద రేకు ముక్కలో హెచ్‌పీ పక్కనే 'హెడ్' అని రెండు అంకెలుంటాయి, ఆరు మీటర్ల నుంచి ఇరవై నాలుగు అన్నట్టు. పెద్ద అంకె దగ్గరికి వచ్చేసరికి పంపు పోసే నీళ్లు బాగా తగ్గిపోతాయి. ఇరవై రెండు మీటర్ల పైకి నీళ్లు ఎక్కించాలంటే ఇలాంటిది కొనకూడదు, అవసరం రెండు అంకెల నడిమధ్యకు దగ్గరగా పడేలా చూసుకోవాలి. నిజానికి వెయ్యి లీటర్లను ఇరవై మీటర్లు ఎత్తడానికి కావాల్సిన పని కరెంటు లెక్కలో యూనిట్‌కు పద్దెనిమిదో వంతు మాత్రమే. మామూలు పంపు నష్టాలన్నీ కలుపుకున్నా దానికి మూడింతలు, ఓ నాలుగింతలు వేసుకోండి. మీ బిల్లులో మోటారు వాటా అంతకంటే బాగా ఎక్కువగా ఉంటే పంపు అవసరానికి తగింది కాదు, లేదా ఎక్కడో నీళ్లు వెనక్కి జారిపోతున్నాయి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖకు ఈ పాఠం మొత్తం ఒకేసారి వచ్చింది. స్తంభాలు పడిపోయి రోజుల తరబడి కరెంటు లేదు. సంపుల్లో నీళ్లున్నాయి, బోర్లలో నీళ్లున్నాయి, ఎక్కించే మోటారు లేదు. టెర్రస్ మీది ట్యాంకులో మిగిలినవే కరెంటును అడగకుండా కిందికి దిగిన నీళ్లు. తుపాను హెచ్చరిక రాగానే కొవ్వొత్తుల కంటే ముందు పై ట్యాంకు నింపాలని తీరం వాళ్లకు ఇప్పుడు చెప్పనక్కర్లేదు. చెప్పాల్సింది మరొకటుంది. ఈ మధ్య ప్రెషర్ పంపు పెట్టించుకున్న ఇళ్లలో దాన్ని తప్పించి నేరుగా నీళ్లు దిగే బైపాస్ లైను, దానికో వాల్వు ఉన్నాయా? లేకపోతే కరెంటు పోయిన రోజున ఆగిపోయిన పంపు బిరడాలా అడ్డం పడి, నిండు ట్యాంకు కింద సన్నటి ధారతో సరిపెట్టుకోవాల్సి వస్తుంది.

పరిశ్రమలు ఈ జాగ్రత్త ఎప్పుడో పడ్డాయి. బ్లాస్ట్ ఫర్నేసులోకి వేడిగాలి ఊదే రాగి నాజిళ్ల చుట్టూ ఎప్పుడూ చన్నీళ్లు తిరుగుతుండాలి, లేకపోతే అవి కాలిపోతాయి. కరెంటు పోయి పంపులు ఆగితే డీజిల్ పంపులు అందుకునే దాకా ఆదుకోవడానికి ఉక్కు కర్మాగారాల్లో ఎత్తయిన అత్యవసర ట్యాంకులు కడతారు. విశాఖ ఉక్కుకు నీళ్లు వచ్చే దారి కూడా గురుత్వాకర్షణ దయే. ఏలేరు జలాశయం నుంచి ఎడమ కాలువ 150 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి ఈ వైపు వస్తుంది, కర్మాగారం తన వాటాను కణితి రిజర్వాయరులో నిలవ చేసుకుంటుంది. అంత దూరం నీళ్లు నడవడానికి పెద్ద పల్లం అక్కర్లేదు. లైనింగ్ చేసిన పెద్ద కాలువలకు కిలోమీటరుకు పది, పదిహేను సెంటీమీటర్ల వాలు సరిపోతుంది. సర్వేయరు ఆ వాలును తప్పకుండా పట్టుకుంటేనే కాలువ.

ఒత్తిడిని కళ్లారా చూడాలంటే రామకృష్ణా బీచ్‌కు వెళ్లండి. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన ఐఎన్ఎస్ కుర్సురా 2002 నుంచి అక్కడ మ్యూజియంగా ఉంది. 91 మీటర్ల పొడవున్న ఆ జలాంతర్గామిలో జనం బంకుల ముందు, టార్పెడోల ముందు ఫొటోలు దిగి వెళ్లిపోతారు. మీరు గోడలు చూడండి. ఒళ్లంతా గుండ్రం, గదికీ గదికీ మధ్య వంగి దూరాల్సిన తలుపులూ గుండ్రం. ఈ తరహా జలాంతర్గాములు సుమారు 250 మీటర్ల లోతుకు దిగడానికి కట్టినవి. మన సూత్రం ప్రకారం అక్కడ చదరపు సెంటీమీటరుకు 25 కిలోలు, చదరపు మీటరుకు 250 టన్నులు, అదీ అన్ని వైపుల నుంచీ. చదును గోడ అయితే మధ్యలో లోపలికి వంగిపోతుంది. గుండ్రటి గోడలో ప్రతి ముక్కా పక్క ముక్కను నొక్కుతూ బరువును చుట్టూ పంచుకుంటుంది.

చదును గోడకు నీళ్ల దెబ్బ ఎంతో హిందుస్థాన్ షిప్‌యార్డులోని డ్రై డాక్ లాంటి చోట అర్థమవుతుంది. ఓడ లోపలికి వచ్చాక గేటు మూసి నీళ్లు తోడేస్తారు. బయట పది మీటర్ల లోతు నీళ్లుంటే గేటు వెడల్పులో ప్రతి మీటరు మీదా 50 టన్నుల తోపు. లోతు ఇరవై మీటర్లయితే వంద కాదు, 200 టన్నులు. లోతు పెరిగితే నీళ్లు తగిలే గోడా పెరుగుతుంది, అడుగున ఒత్తిడీ పెరుగుతుంది, రెండూ కలిసి నాలుగింతలు. రెండు మీటర్ల సంపును మూడు మీటర్లు తవ్విద్దామని చివరి నిమిషంలో అనుకునేవాళ్లు, అదే గోడ మందం మీద రెండుంబావు రెట్ల బరువు పెడుతున్నారు. ఇంజినీరును అడగకుండా ఆ పని చేయకండి.

కొండవాలులో మట్టిని ఆపే గోడలకూ ఇదే లెక్క. పొడి మట్టి కంటే వాననీళ్లు నిండిన మట్టి మరింత ప్రమాదం, ఎందుకంటే ఇప్పుడు మట్టితో పాటు నీళ్లూ తోస్తున్నాయి. 2025 ఏప్రిల్ 30న సింహాచలం చందనోత్సవం నాడు వాన తర్వాత గోడ కూలి ఏడుగురు భక్తులు చనిపోయారు. ఇలాంటి గోడ మీ ఇంటి వెనక ఉంటే, అడుగు భాగంలో నీళ్లు బయటికి కారే రంధ్రాలున్నాయో లేవో ఈ వేసవిలోనే చూడండి. ఉంటే వాటిలో పుల్ల పెట్టి కదపండి. సిమెంటుతో పూడ్చిన రంధ్రం, మొక్క మొలిచి మూసుకున్న రంధ్రం లేనట్టే లెక్క. వానాకాలంలో ఆ రంధ్రాల నుంచి మురికి నీళ్లు కారుతుంటే చిరాకు పడకండి. అవి కారడం ఆగిపోయిన రోజున భయపడాలి.

మన ఒంట్లోనూ మట్టాలున్నాయి. బీపీ చూపించుకునేటప్పుడు చేయి కుర్చీ పక్కన వేలాడితే, గుండెకంటే ప్రతి పది సెంటీమీటర్ల దిగువకు ఏడెనిమిది పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. 128 ఉన్నవాడు 140 అనిపించుకుని మాత్రలు తెచ్చుకోవచ్చు. చేయి బల్ల మీద, పట్టీ గుండె మట్టంలో ఉండాలి. సెలైన్ సీసాను స్టాండుకు ఎత్తుగా తగిలించేది కూడా సిరలో ఉన్న ఒత్తిడిని దాటడానికే. రోగి బాత్‌రూంకు వెళ్లేటప్పుడు వెంట ఉన్నవాళ్లు సీసాను కిందికి వేలాడేసి పట్టుకుంటే రక్తం ట్యూబులోకి ఎగబాకుతుంది. కంగారు పడక, సీసాను పైకెత్తి పట్టుకోమనండి. బట్టల కొట్టులో పొద్దంతా నిలబడే అమ్మాయిల కాళ్లు సాయంత్రానికి ఉబ్బడానికీ కారణం ఎత్తే. నిలబడినప్పుడు చీలమండ గుండెకు మీటరుకు పైగా కింద ఉంటుంది, అక్కడి సిరల మీద ఆ మేర రక్తం బరువు పడుతుంది. నడిస్తే పిక్క కండరం దాన్ని పైకి తోస్తుంది, కదలకుండా నిలబడితే తోయదు. ఇంటికెళ్లాక కాళ్లను గోడకు ఆనించి కాసేపు పడుకుంటే హాయి. ఒక్క కాలే ఉబ్బి నొప్పి పెడుతుంటే మాత్రం గోడ వైద్యం కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఈ సూత్రం ఎక్కడిదాకా పని చేస్తుంది? చంద్రుడి మీద నీళ్లు ఆరో వంతే బరువు తూగుతాయి. అక్కడ కట్టే ఇంట్లో కిలో ఒత్తిడి కావాలంటే ట్యాంకు అరవై మీటర్ల పైన ఉండాలి. కక్ష్యలో తిరిగే అంతరిక్ష కేంద్రంలో ఎంత ఎత్తున పెట్టినా లాభం లేదు, నీళ్లు ఎటూ దిగవు. అక్కడ గురుత్వాకర్షణ లేదని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. 2021 జులై 11న మన గుంటూరు మూలాల శిరీష బండ్ల అంతరిక్ష నౌకలో సుమారు 86 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి కొద్ది నిమిషాలు తేలారు. ఆ ఎత్తులో భూమి లాగుడు నేల మీద ఉన్నదాంట్లో 97 శాతం ఉంటుంది. ఆమె తేలింది, నౌకా ఆమే ఒకే వేగంతో కలిసి పడుతుండడం వల్ల. పడేవాటికి ఒకదాని మీద ఒకటి బరువు మోపే అవకాశం లేదు.

దీన్ని మీ పిల్లలకు మేడ మీద చూపించొచ్చు. లీటరు నీళ్ల ప్లాస్టిక్ సీసాకు అడుగున మేకుతో చిల్లు పెట్టి, మూత తీసి, నింపి పట్టుకోండి. ధార దూకుతుంది. మట్టం తగ్గేకొద్దీ ధార కుంగుతుంది, అదీ గమనించమనండి. మళ్లీ నింపి మేడ మీది నుంచి కింద మట్టిలోకి వదిలేయండి. పడుతున్నంతసేపూ చిల్లులోంచి చుక్క రాదు. ఫోనులో స్లోమోషన్ పెట్టి తీస్తే స్పష్టంగా కనిపిస్తుంది. కింద మనుషులు లేకుండా చూసుకోండి. మూత మాత్రం తీసే ఉంచాలి. మూత బిగించి ఉంటే వదలకముందే ధార ఆగిపోతుంది. అప్పుడు నీళ్లను ఆపేది పడడం కాదు, బావి మోటారు దగ్గర చూసిన ఆ గాలి ఒత్తిడి. పిల్లలు రెండింటికీ తేడా అడిగితే, మూత సగం తిప్పి చూపించండి.